పిల్లల మోచెయ్యి విరిగితే

 

పొలం పని, ఇంటి పని ముగించుకుని వచ్చి కూర్చున్నారు. కొందరు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. ఈ రోజు మాట్లాడుకునేది ఆ పిల్లల గురించే. పిల్లల మోచెయ్యి గురించి.

"మోచెయ్యి గురించి మాట్లాడేదేముంది?" అనుకోవచ్చు. చాలా ఉంది. మోచెయ్యి విరిగిన పిల్లకి మొదటి ఆరు గంటల్లో ఏం చేశామన్న దాని మీద, ఆ పిల్ల చెయ్యి జన్మంతా ఎలా ఉంటుందన్నది ఆధారపడవచ్చు. అది డాక్టరు చేతిలోనే లేదు. తల్లి చేతిలో కూడా ఉంది.

ముందుగా ఒక పిల్ల కథ. ఆ పిల్లకి పేరు పెట్టలేదు. ఎందుకంటే ఈ కథ ఏ ఇంట్లో అయినా జరగవచ్చు.

జామచెట్టు మీద నుంచి

కూచిపూడిలో ఒక పిల్ల. ఆరేళ్ళు. ఒకటో తరగతి చదువుతోంది. సాయంత్రం పూట నాట్యం నేర్చుకుంటోంది. కూచిపూడి పిల్లలకి అది కొత్త కాదు గదా! సిద్ధేంద్ర యోగి పేరు తెలియని ఇల్లు ఆ ఊళ్ళో ఉండదు.

ఎండాకాలం సెలవులు. సాయంత్రం ఐదు గంటలు. పిల్ల పెరట్లో జామచెట్టు ఎక్కింది. కొమ్మ విరిగింది. పిల్ల కింద పడింది. పడేటప్పుడు ఏం చేసింది? అందరూ చేసేదే చేసింది. చెయ్యి చాచి నేల మీద ఆనించింది. ఒంటి బరువంతా ఆ చేతి మీద పడింది. ఫట్‌మని చప్పుడయింది.

తల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. మోచెయ్యి అప్పటికే వాచిపోయింది. చెయ్యి వంకరగా వేలాడుతోంది. పిల్ల చెయ్యి ముట్టుకోనివ్వడం లేదు.

పిల్లలు పడేది జామచెట్టు మీద నుంచే కాదు. గడ్డివామి మీద నుంచి పడతారు. అరుగు మీద నుంచి పడతారు. సైకిలు నేర్చుకుంటూ పడతారు. బడిలో ఉయ్యాల మీద నుంచి పడతారు. ఎలా పడ్డా చెయ్యి చాచే పడతారు.

మోచేతిలో ఏముంది?

దండచేతిలో ఒకే ఎముక ఉంటుంది. అది భుజం నుంచి మోచేతి దాకా వస్తుంది. పైన కర్రలాగా గుండ్రంగా ఉంటుంది. మోచేతికి కొంచెం పైన మాత్రం పలచగా, బల్లపరుపుగా అవుతుంది. చిన్న పిల్లల్లో ఆ చోట ఎముక మరీ పలచన. అందుకే చెయ్యి చాచి పడితే అక్కడే విరుగుతుంది. ఐదారేళ్ళ నుంచి ఏడేళ్ళ వయసు పిల్లల్లో ఇది ఎక్కువ. పిల్లల మోచేతిలో విరిగే ఎముకల్లో అన్నిటికంటే ఎక్కువగా విరిగేది ఇదే.

ఇప్పుడు ఒక పని చేయండి. మీ మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రెండు వేళ్ళు పెట్టి చూడండి. టక్ టక్ మని కొట్టుకుంటోందా? అది నాడి. గుండె నుంచి వచ్చే రక్తం అక్కడ తెలుస్తుంది. ఆ రక్తం మోచేతి ముందు నుంచే చేతికి పోతుంది. రక్తపు గొట్టం మోచేతి మడతలో, ఎముకకి ఎదురుగా ఉంటుంది. దాని పక్కనే నరాలు ఉంటాయి. వేళ్ళు కదలడానికి, వేళ్ళకి స్పర్శ తెలియడానికి ఆ నరాలే ఆధారం.

ఎముక ముక్కలై పక్కకి జరిగితే, దాని వాడి అంచు ఆ గొట్టం మీద ఒత్తవచ్చు. పొలానికి నీరు తెచ్చే బోదెకి మట్టిపెళ్ళ అడ్డం పడితే ఏమవుతుంది? కింద మడి ఎండిపోతుంది. చెయ్యి కూడా అంతే.

1959లో గార్ట్‌లాండ్ అనే అమెరికా డాక్టరు ఈ విరుగుడుని మూడు రకాలుగా చెప్పాడు. ఇప్పటికీ డాక్టర్లు ఆ లెక్కనే చూస్తారు.

మొదటి రకం: ఎముక పగిలింది గాని జరగలేదు. పిండికట్టుతో మూడు, నాలుగు వారాల్లో అతుక్కుంటుంది.

రెండో రకం: ఎముక వంగింది. ఒక పక్క మాత్రం ఇంకా అంటుకుని ఉంది.

మూడో రకం: ఎముక పూర్తిగా విడిపోయింది. ముక్కలు దూరం జరిగాయి. ఇదే ప్రమాదమైనది. జామచెట్టు మీద నుంచి పడిన పిల్లకి అయింది ఈ మూడో రకమే.

ఏ రకమో కంటికి తెలియదు. చేత్తో నొక్కి చూస్తే తెలియదు. ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది.

నలుగురూ నాలుగు మాటలు

పిల్ల ఏడుపు విని చుట్టుపక్కల వాళ్ళు వచ్చారు. తలా ఒక మాట చెప్పారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. అందరూ పిల్ల మీద ప్రేమతో చెప్పినవాళ్ళే.

నాయనమ్మ అంది: "బెణికిందే. కాస్త ఆవనూనె వేడిచేసి తోమితే తగ్గిపోద్ది."

పక్కింటావిడ అంది: "గట్టిగా లాగితే కీలు ఎక్కుద్ది. మా ఆయన్ని పిలుస్తానుండు."

ఇంకొకాయన అన్నాడు: "ఆకు పసరు వేసి గట్టిగా కట్టు కట్టిస్తే సరి."

మేనమామ అన్నాడు: "చీకటి పడుతోంది. ఇప్పుడెక్కడికి పోతాం? పొద్దున్నే మొదటి బస్సుకి బెజవాడ తీసుకుపోదాం."

తల్లి నలుగురి మాటలూ విన్నది. ఎవరికీ ఎదురు చెప్పలేదు. కూతురు పక్కన కూర్చుంది. పిల్ల వేళ్ళు చూసింది.

"తల్లీ, వేళ్ళు ఒకసారి కదుపు" అంది.

పిల్ల ఏడుస్తూనే కదిపింది. నాలుగు వేళ్ళు కొంచెం కదిలాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమంది తల్లి. పిల్ల చుట్టలేకపోయింది. సున్నా గుండ్రంగా రాలేదు. రెండు వేళ్ళూ చదునుగా ఒకదానికొకటి ఆనాయి, అంతే.

నాట్యంలో హస్తాలు పట్టే పిల్ల. నిన్నటి దాకా వేళ్ళని ఎలా అంటే అలా తిప్పిన పిల్ల. తల్లికి గుండె ఝల్లుమంది. మణికట్టు పట్టుకుని చూసింది. నాడి సన్నగా కొడుతోంది. రెండో చేతిని ముట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. దెబ్బ తగిలిన చెయ్యి చల్లగా ఉంది.

"అత్తయ్యా, ఇది బెణుకు కాదు. పొద్దున దాకా ఆగేది కాదు. ఇప్పుడే పోదాం" అంది తల్లి.

ముందు చూడాల్సింది వేళ్ళు

ఆ తల్లి చేసిన పని మీరు కూడా చేయవచ్చు. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. దెబ్బ తగిలింది మోచేతికే అయినా, ముందు చూడాల్సింది వేళ్ళని. ఐదు సంగతులు చూడాలి.

1. రంగు: వేళ్ళు ఎర్రగా ఉన్నాయా? తెల్లగా పాలిపోయాయా? నీలంగా ఉన్నాయా? గోరు నొక్కి వదలండి. నొక్కినప్పుడు తెల్లబడుతుంది. వదలగానే, ఒకటి, రెండు అనే లోపల, మళ్ళీ ఎర్రబడాలి.

2. వేడి: రెండు చేతులూ ముట్టుకుని పోల్చి చూడండి. దెబ్బ తగిలిన చెయ్యి చల్లగా ఉంటే ప్రమాదం.

3. నాడి: మణికట్టు దగ్గర కొట్టుకుంటోందా?

4. స్పర్శ: వేలి కొస మెల్లగా తాకండి. పిల్లకి తెలుస్తోందా? మొద్దుబారిందా? తిమ్మిరిగా ఉందా?

5. కదలిక: వేళ్ళు చాచగలదా? ముడవగలదా? బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టగలదా?

వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఒక్క నిమిషం ఆగకూడదు. రక్తం అందని కండ సుమారు ఆరు గంటలు దాటితే తిరిగి బాగుపడని విధంగా పాడైపోవచ్చు. ఐదు గంటలకి పడిన పిల్లకి రాత్రి పదకొండు గంటలకి ఆ ఆరు గంటలూ అయిపోతాయి. పొద్దున్నే మొదటి బస్సు అంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఐదూ బాగానే ఉన్నా ఆసుపత్రికి పోవాల్సిందే. ఇప్పుడు బాగున్న వేళ్ళు, వాపు పెరిగాక బాగుండకపోవచ్చు. అందుకే దారిలో కూడా మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండాలి.

ఆసుపత్రికి పోయే లోపల

చెయ్యకూడని పనులు ముందు చెప్పుకుందాం.

చెయ్యి లాగకూడదు. తోమకూడదు. నూనె రాయకూడదు. వంకరగా ఉన్న చేతిని తిన్నగా చెయ్యాలని చూడకూడదు. మోచేతిని పూర్తిగా మడవకూడదు. మడిస్తే రక్తపు గొట్టం ఇంకా నలుగుతుంది.

ఇక చెయ్యాల్సినవి.

గాజులు, ఉంగరం, చేతికి కట్టిన దారం వెంటనే తీసెయ్యండి. వాపు పెరిగాక అవి రావు. ఉరితాడులాగా బిగుసుకుంటాయి. దారం దేవుడిదైనా సరే, తీసి దేవుడి పటం దగ్గర పెట్టండి. చెయ్యి బాగయ్యాక మళ్ళీ కట్టుకోవచ్చు.

చెయ్యి ఎలా ఉందో అలాగే ఉంచి ఆసరా ఇవ్వండి. ఒక అట్టముక్క గాని, మడిచిన వార్తాపత్రిక గాని, మెత్తటి గుడ్డ చుట్టిన బద్ద గాని చేతి కింద పెట్టండి. మోచేతికి పైన ఒక చోట, కింద ఒక చోట గుడ్డతో వదులుగా కట్టండి. మోచేతి మీద కట్టవద్దు. కట్టు కింద ఒక వేలు దూరాలి. వేలు దూరకపోతే అది బిగువు. వేళ్ళ కొసలు మాత్రం బయటికి కనబడాలి. తువ్వాలు మెడకి వేసి చేతికి జోలెలాగా ఆసరా ఇవ్వవచ్చు. పిల్ల చెయ్యి మడవలేకపోతే జోలె అక్కర్లేదు. పక్కన దిండు పెట్టి దాని మీద ఆనించండి.

ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చిందా? లోపలికి తొయ్యవద్దు. పసుపు, కాఫీపొడి చల్లవద్దు. ఉతికిన శుభ్రమైన గుడ్డ కప్పండి. వెంటనే బయలుదేరండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పిల్ల ఏడుస్తోంది గదా అని అన్నం, పాలు, బిస్కెట్లు పెట్టవద్దు. మత్తు ఇచ్చి ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు. కడుపులో తిండి ఉంటే మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిండి పెడితే ఆపరేషన్ కూడా ఆలస్యమవుతుంది. పిల్ల ఆఖరున ఏం తిన్నది, ఎన్ని గంటలకి తిన్నది గుర్తుపెట్టుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.

ఫోను ఉంటే 108కి చెయ్యండి. ఈ అంబులెన్స్ రాష్ట్రంలో 2005లో మొదలైంది. డబ్బు ఇవ్వక్కర్లేదు. "పిల్ల మోచెయ్యి విరిగింది, వేళ్ళు చల్లబడ్డాయి" అని స్పష్టంగా చెప్పండి. ఎముకల డాక్టరు, ఎక్స్‌రే, మత్తు డాక్టరు, ముగ్గురూ ఉన్న చోటికే తీసుకుపోవాలి. కూచిపూడి నుంచి బందరు దగ్గర. పామర్రు మీదుగా బెజవాడ పోవాలంటే 50, 60 కిలోమీటర్లు ఉంటుంది. ఏ ఆసుపత్రిలో ఆ వేళకి ఎముకల డాక్టరు ఉన్నారో ముందు ఫోను చేసి కనుక్కుంటే దారి కలిసి వస్తుంది.

కట్టు సంగతి

"తాతల నాటి నుంచీ కట్టు కట్టించుకుంటున్నాం. అందరి చేతులూ పోయాయా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. మంచి ప్రశ్నే. జవాబు చెప్పుకోవాలి.

రాయలసీమలో తిరుపతికి దగ్గరలో పుత్తూరు ఉంది. పుత్తూరు కట్టు పేరు విననివాళ్ళు తక్కువ. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు పెట్టి కడతారు. ఎక్కడెక్కడి నుంచో జనం పోతారు. మన పట్టణాల్లో కూడా ఆ పేరుతో బోర్డులు కనిపిస్తాయి.

పిల్లల ఎముక తొందరగా అతుక్కుంటుంది. జరగని ఎముక అయితే, కదలకుండా ఉంచితే చాలు, అతుక్కుంటుంది. అందుకే కట్టుతో బాగైన పిల్లలు చాలామంది ఉన్నారు. అది అబద్ధం కాదు.

అయితే మోచెయ్యి వేరు. ఎముక పూర్తిగా జరిగిన మోచెయ్యి మరీ వేరు. మొదటి రెండు రోజులు వాపు పెరుగుతూనే ఉంటుంది. పైన గట్టి కట్టు ఉంటే వాపుకి చోటు లేదు. అప్పుడు వాపు లోపలికి ఒత్తుతుంది. కండలోకి రక్తం పోవడం ఆగిపోతుంది. కండ చచ్చిపోతుంది. చచ్చిన కండ తాడులాగా కుంచించుకుపోతుంది. వేళ్ళు పక్షి గోళ్ళలాగా ముడుచుకుపోతాయి. ఇక అవి తెరుచుకోవు. ఆ చేత్తో పలక పట్టుకోలేరు. అన్నం కలుపుకోలేరు. నారు నాటలేరు. జడ వేసుకోలేరు.

ఈ సంగతి కొత్తగా తెలిసింది కాదు. 1881లోనే జర్మనీ డాక్టరు రిచర్డ్ ఫోల్క్‌మాన్ దీని గురించి రాశాడు. బిగువు కట్టు వల్ల చెయ్యి ఇలా అవుతుందని చెప్పాడు. ఆ జబ్బుకి ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. తప్పు ఆకుది కాదు, గుడ్డుది కాదు. తప్పు బిగువుది. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు బిగువైనా ఇదే ప్రమాదం. అందుకే ఎవరు కట్టారని కాదు, కట్టిన తర్వాత వేళ్ళు ఎలా ఉన్నాయని చూడాలి.

కట్టు వేశాక పిల్ల నొప్పి రోజురోజుకి తగ్గాలి. తగ్గకుండా పెరుగుతోందా? మందు వేసినా ఆగడం లేదా? వేళ్ళు మెల్లగా చాపితే కెవ్వుమంటోందా? పిల్ల కుదురు లేకుండా గింజుకుంటోందా? అది మొండితనం కాదు. "ఊరుకో, ఆడపిల్లవి, ఇంత ఏడుపా?" అనకండి. కండ చచ్చిపోయే ముందు వేసే కేక అది. రాత్రి రెండు గంటలైనా సరే, కట్టు వేసిన చోటికి పరుగెత్తండి. కట్టు విప్పమనండి. మీరు అడగవచ్చు. అడగడం మీ హక్కు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

కథలో పిల్లని రాత్రి ఎనిమిది గంటలకి ఆసుపత్రికి చేర్చారు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు వేళ్ళు చూశారు, నాడి చూశారు.

"ఎముక పూర్తిగా జరిగింది. నరం మీద ఒత్తిడి ఉంది. రక్తం కూడా తక్కువగా పోతోంది. ఈ రాత్రే ఎముక సర్దాలి" అన్నారు.

తండ్రి భయపడ్డాడు. "చెయ్యి కోస్తారా డాక్టరు గారూ?" అని అడిగాడు.

"చాలామందికి కొయ్యక్కర్లేదు" అన్నారు డాక్టరు.

ఏం చేస్తారో తెలుసుకుందాం. తెలిస్తే భయం తగ్గుతుంది.

పిల్లకి మత్తు ఇస్తారు. నొప్పి తెలియదు. డాక్టరు చేతిని నెమ్మదిగా లాగి, తిప్పి, ఎముకని దాని చోటికి తెస్తారు. పక్కన ఒక యంత్రం ఉంటుంది. ఎక్స్‌రే బొమ్మ టీవీలో కనిపించినట్టు కనిపిస్తుంది. దాన్ని చూస్తూ ఎముక సరిగా కూర్చుందో లేదో చూసుకుంటారు. తర్వాత చర్మం మీద నుంచే సన్నని స్టీలు తీగలు రెండు గాని మూడు గాని ఎముకలోకి దూరుస్తారు. అవి మేకులు కొట్టినట్టు ఎముకని కదలకుండా పట్టి ఉంచుతాయి. తీగల కొసలు బయట ఉంటాయి. పైన దూది పరిచి సగం పిండికట్టు వేస్తారు.

తీగలు వేసి పట్టి ఉంచడం వల్ల మోచేతిని గట్టిగా మడిచి కట్టాల్సిన పని ఉండదు. రక్తం బాగా పోతుంది. అదే దీనిలోని పెద్ద మేలు.

కొందరికి ఎముక అలా సర్దుకోదు. మధ్యలో కండ ఇరుక్కుంటుంది. అప్పుడు కోసి సర్దుతారు. ఎముక సర్దినా చెయ్యి తెల్లగా, చల్లగానే ఉంటే, కోసి రక్తపు గొట్టాన్ని చూస్తారు. కండలో ఒత్తిడి మరీ పెరిగితే, చర్మం, కండ మీది పొర పొడుగ్గా కోసి వాపుకి చోటిస్తారు. చూడటానికి భయంగా ఉంటుంది. చెయ్యి దక్కాలంటే అదే దారి.

వేళ్ళు వెచ్చగా, ఎర్రగా ఉండి బాగా కదులుతుంటే డాక్టరు ఆపరేషన్‌కి పొద్దున దాకా ఆగవచ్చు. ఆ ఆగడం ఆసుపత్రిలో, వాళ్ళ కళ్ళ ముందు ఆగడం. ఇంట్లో ఆగడం కాదు.

డబ్బు సంగతి కూడా అడగాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆసుపత్రిలో ఈ పథకం పని చూసేవారు ఉంటారు. "ఈ ఆపరేషన్ దీని కింద వస్తుందా?" అని వారిని అడగండి. కార్డులు వెంట పెట్టుకుపొండి. అప్పు పుట్టే దాకా ఆగి చెయ్యి పోగొట్టుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రికి పోవడానికి అప్పు అక్కర్లేదు.

ఇంటికి వచ్చాక

పిల్ల రెండు రోజులకి ఇంటికి వచ్చింది. వెచ్చటి వేళ్ళతో వచ్చింది. డాక్టరు ఒక కాగితం ఇచ్చారు. తల్లి దాన్ని మడిచి పెట్టెలో దాచలేదు. కూడబలుక్కుంటూ చదివింది. రెండుసార్లు చదివింది. మూడోసారి అత్తగారికి వినిపించింది. తర్వాత గోడ మీద క్యాలెండరు దగ్గర తగిలించింది.

దానిలో ఏముంది?

చెయ్యి దిండు మీద ఎత్తి ఉంచాలి. వేళ్ళు గంటగంటకీ ఆడించాలి. కట్టు తడపకూడదు. దురద పుడితే పుల్లలు, జడసూదులు దూర్చకూడదు. వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, జ్వరం వచ్చినా, కట్టు నుంచి చీము వాసన వచ్చినా వెంటనే రావాలి. వారం రోజులకి మళ్ళీ ఎక్స్‌రే. మూడు, నాలుగు వారాలకి తీగలు తీస్తారు.

తీగలు తీసే తారీఖు మరిచిపోకూడదు. "పిల్ల బాగానే ఆడుకుంటోంది గదా" అని మానెయ్యకూడదు. తీగలు ఎక్కువ కాలం ఉంటే ఆ దారిలో చీము పట్టవచ్చు. తల్లి క్యాలెండరులో ఆ తారీఖు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది.

ఆ రోజు ఆసుపత్రిలో తీగలు తీశారు. క్షణంలో అయిపోయింది. పిల్ల ఒకసారి "అమ్మా" అంది, అంతే.

కట్టు విప్పాక మోచెయ్యి బిగుసుకుపోయి ఉంది. పూర్తిగా చాచలేదు, పూర్తిగా మడవలేదు. నాయనమ్మ నూనె గిన్నె తెచ్చింది. "రోజూ తోమి వంచితే అదే సర్దుకుంటది" అంది.

తల్లి గోడ మీద కాగితం చూపించింది. "అత్తయ్యా, తోమొద్దని, బలవంతంగా వంచొద్దని రాశారు. వంచితే లోపల కొత్త ఎముక పెరిగి కీలు ఇంకా బిగుసుకుపోద్దంట. పిల్ల తనంతట తానే ఆడుకుంటూ కదిపితే చాలంట."

నాయనమ్మ కాసేపు ఆలోచించింది. "సరేలే. ఆ నూనె తలకన్నా రాస్తాను" అని పిల్లని ఒళ్ళోకి తీసుకుంది.

వారాలు గడిచిన కొద్దీ మోచెయ్యి తెరుచుకుంది. చూపుడువేలు, బొటనవేలు మెల్లగా బలం తెచ్చుకున్నాయి. నలిగిన నరం చాలామంది పిల్లల్లో కొన్ని నెలల్లో తిరిగి కోలుకుంటుంది. తొందరపడకూడదు.

మరో మూడు మాటలు

ఒకటి. ఎముక వంకరగా అతుక్కుంటే మోచెయ్యి లోపలికి తిరిగి ఉంటుంది. చెయ్యి చాచితే వంకర కనిపిస్తుంది. "పెద్దయితే అదే సరవుతుంది" అంటారు. ఆ వంకర పెరుగుదలతో సరికాదు. తర్వాత ఆపరేషన్‌తో సరిచెయ్యవచ్చు. మొదటే సరిగా సర్దడం మేలు.

రెండు. మోచేతి బయటి పక్క చిన్న ముక్క విరుగుతుంది. వాపు కొంచెమే ఉంటుంది. పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది. ఆ ముక్క జరిగితే తనంతట తాను అతుక్కోకపోవచ్చు. ఏళ్ళు గడిచాక మోచెయ్యి బయటికి వంగుతుంది, చిటికెనవేలు మొద్దుబారుతుంది. అందుకే చిన్న దెబ్బ అనిపించినా, మోచెయ్యి వాచితే ఎక్స్‌రే తీయించాలి.

మూడు. ఐదేళ్ళ లోపు పిల్లల్ని ఒక చెయ్యి పట్టుకుని గభాలున పైకి లేపకండి. కీలు దగ్గర చిన్న ఎముక పట్టు తప్పుతుంది. పిల్ల చెయ్యి వేలాడేసి కదపదు. ఇది విరుగుడు కాదు. డాక్టరు క్షణంలో సరిచేస్తారు. ఇంట్లో మీరు లాగవద్దు. విరిగిందో తప్పిందో ఇంట్లో తెలియదు.

ఆఖరి మాట

దసరా వచ్చింది. ఆ పిల్ల మళ్ళీ గజ్జె కట్టింది. రెండు చేతులూ భుజాల ఎత్తున చాచి నిలబడింది. రెండూ సమంగా ఉన్నాయి. చూపుడువేలు, బొటనవేలు కలిపి హస్తం పట్టింది. ఈసారి సున్నా గుండ్రంగా వచ్చింది.

తల్లి వెనక వరసలో కూర్చుని ఆ వేళ్ళనే చూస్తోంది. మిగతావాళ్ళు నాట్యం చూస్తున్నారు.

అమ్మలారా! ఆ తల్లి డాక్టరు కాదు. నర్సు కాదు. ఆ తల్లి వేళ్ళు చూసింది, ఆగకుండా బయలుదేరింది, కాగితం చదివింది. ఈ మూడు పనులూ ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరూ చెయ్యగలరు.

గుర్తుంచుకోండి

1. మోచెయ్యి వాచితే లాగవద్దు, తోమవద్దు.
2. గాజులు, దారాలు వెంటనే తీసెయ్యండి.
3. వేళ్ళ రంగు, వేడి, నాడి, స్పర్శ, కదలిక చూడండి.
4. వదులుగా ఆసరా కట్టండి. గట్టిగా కట్టవద్దు.
5. తిండి పెట్టవద్దు. 108కి ఫోను చెయ్యండి.
6. కట్టు వేశాక నొప్పి పెరిగితే అర్ధరాత్రి అయినా పొండి.
7. తీగలు తీసే తారీఖు రాసి పెట్టుకోండి.

మాట్లాడుకోండి

1. మీ వాడలో ఎవరి పిల్లలకైనా మోచెయ్యి విరిగిందా? అప్పుడు ఏం చేశారు?
2. రాత్రి పూట పిల్లకి దెబ్బ తగిలితే మీ ఊరి నుంచి ఏ ఆసుపత్రికి పోతారు? ఎలా పోతారు?
3. "పొద్దున చూద్దాం" అని ఇంట్లో అంటే మీరు ఏం చెబుతారు?
4. మీ ఇంట్లో ఉన్న మందుల చీటీ ఒకటి తెచ్చి, తారీఖు, మందు పేరు చదవండి.